చెరువుకు చేటు, చేనుకు చేవ: చిలకలూరిపేట మురుగునీటిలోని భాస్వరం

పల్నాడు జిల్లాలోని చిలకలూరిపేట పట్టణానికి త్రాగునీటి ఆధారం నాగార్జునసాగర్ కుడి కాలువ. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు విడుదలయింది. కాలువలో నీరు నిలిచిపోయే వేసవి నెలల్లో, నిల్వ చెరువుల్లో ముందుగా నింపి ఉంచుకున్న నీరే పట్టణవాసుల దాహం తీర్చవలసి ఉంటుంది. వాడిన నీరు వీధి కాలువల గుండా పల్లానికి దిగి ఓగేరు వాగు వైపు సాగుతుంది. ఓగేరు నల్లమడ మురుగు కాలువలో కలుస్తుంది. నల్లమడ బాపట్ల తీరం వైపు సముద్రానికి పోతుంది. ఈ దారి పొడవునా పొలాలు, పశువులు, ఊరి చెరువులు, బావులు ఉన్నాయి. కనుక ఒక పట్టణపు మురుగునీటి శుద్ధి ఆ పట్టణానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. పల్లపు గ్రామాల నీటి నాణ్యత దానిపైనే ఆధారపడి ఉంటుంది.

మురుగునీటి శుద్ధి అనగానే దుర్వాసన, మురికి, రోగక్రిములు గుర్తుకు వస్తాయి. ఇవి తొలగితే పని పూర్తయిందన్న భావన సామాన్యంగా ఉంది. అయితే మంచినీటి చెరువులను దీర్ఘకాలంలో చెడగొట్టేది మురుగులో కరిగి ఉండి కంటికి కనిపించని పోషకాలు, అందులోనూ ముఖ్యంగా భాస్వరం. రైతు ఏటా సొమ్ము పెట్టి కొనే పోషకమే చెరువులో చేరినప్పుడు విషతుల్యమవుతుంది. ఈ రెండు విషయాలను ఒకే లెక్కలో చూడగలిగితే పట్టణానికీ, రైతుకూ, చెరువుకూ మేలు చేసే మార్గం తేటపడుతుంది.

శుద్ధి కేంద్రం తీసేది, విడిచిపెట్టేది

పట్టణ మురుగునీటి పథకాల రూపకల్పనలో మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగుగా తిరిగి రావడం దేశంలో అనుసరించే ప్రమాణం. అంటే మనిషికి 108 లీటర్లు. చిలకలూరిపేట జనాభా 2011 లెక్కల ప్రకారమే లక్షకు కొద్దిగా పైన ఉంది. లక్ష మందికే లెక్కించినా రోజుకు 1 కోటి 8 లక్షల లీటర్ల మురుగునీరు తయారవుతుంది.

ఈ నీటిని శుద్ధి చేసే పద్ధతులు అనేకం. మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు 1914లో ప్రకటించిన ఉత్తేజిత బురద పద్ధతి నేటికీ చాలా కేంద్రాలకు మూలం. గాలి అందించి సూక్ష్మజీవులను పెంచితే అవి సేంద్రియ పదార్థాన్ని తిని, బురదగా అడుగుకు దిగుతాయి. నీటిలో సేంద్రియ కాలుష్యాన్ని కొలిచే కొలమానం జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అంటే బి.ఓ.డి. లీటరుకు 200 నుంచి 250 మిల్లీగ్రాములుండే బి.ఓ.డి.ని మంచి కేంద్రం 10కి దించగలదు. నీరు తేటపడుతుంది, వాసన పోతుంది.

భాస్వరం విషయంలో ఇంతటి తగ్గుదల ఉండదు. సూక్ష్మజీవులు తమ శరీర నిర్మాణానికి కావలసినంత మేరకే దానిని తీసుకుంటాయి. సాధారణ జీవశుద్ధిలో తొలగేది 10 నుంచి 30 శాతం మాత్రమే. అందుచేత తేటగా కనిపించే శుద్ధి జలంలోనూ లీటరుకు 4, 5 మిల్లీగ్రాముల భాస్వరం మిగిలి ఉండవచ్చు. 2017 అక్టోబరు 13న కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ప్రకటించిన మురుగునీటి ప్రమాణాల్లో బి.ఓ.డి., తేలియాడే ఘనపదార్థాలు, మల సంబంధ కోలిఫాం క్రిములకు పరిమితులు ఉన్నాయి గాని భాస్వరానికి పరిమితి లేదు. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇంకా కఠినమైన ప్రమాణాల వైపు మొగ్గింది. నిపుణుల సంఘం సూచించిన ఆ ప్రమాణాల్లో చెరువులు, సరస్సుల్లోకి వదిలే నీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము భాస్వరం అన్న పరిమితి చోటుచేసుకుంది.

ఒక గ్రాము భాస్వరం చెరువులో చేసే పని

చెరువు నీటిలో లీటరుకు 35 మైక్రోగ్రాములకు మించి భాస్వరం ఉంటే అది పోషకాలు మితిమీరిన చెరువుగా లెక్కకు వస్తుంది. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు. లీటరుకు 5 మిల్లీగ్రాముల భాస్వరం ఉన్న శుద్ధి జలం ఒక లీటరును 100 లీటర్ల స్వచ్ఛమైన నీటిలో కలిపినా, మిశ్రమంలో లీటరుకు 50 మైక్రోగ్రాములు తేలుతుంది. అంటే నూరు రెట్లు పలుచన చేసినా చెరువుకు భద్రత లేదు. 1 మిల్లీగ్రాము ప్రమాణానికి దించిన నీటికైనా 30 రెట్ల స్వచ్ఛమైన నీరు తోడు కావలసిందే.

నీటి నాచు శరీరంలో 106 కర్బన పరమాణువులకు 16 నత్రజని, 1 భాస్వరం చొప్పున ఉంటాయన్నది శాస్త్రజ్ఞులు అంగీకరించిన స్థూల నిష్పత్తి. ఈ లెక్కన ఒక గ్రాము భాస్వరం సుమారు 114 గ్రాముల ఎండు నాచును పుట్టించగలదు. ఆ నాచు చచ్చి కుళ్ళడానికి సుమారు 142 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. శుద్ధి జలం లీటరులో మిగిలిన 5 మిల్లీగ్రాముల భాస్వరం మొత్తం నాచుగా మారితే దాని ఆక్సిజన్ అవసరం 700 మిల్లీగ్రాములు దాటుతుంది. శుద్ధికి ముందు ఆ మురుగునీటికి ఉన్న బి.ఓ.డి. 250 మాత్రమే! ఎంతో విద్యుత్తు ఖర్చుపెట్టి తొలగించిన కాలుష్యాన్ని సూర్యరశ్మి సాయంతో చెరువు తిరిగి, అంతకు మించి, తయారుచేయగలదన్న మాట. వాస్తవంలో భాస్వరమంతా నాచుగా మారదు. అయినా ముప్పు ఏ స్థాయిదో ఈ లెక్క తెలుపుతుంది.

నత్రజనిని అదుపు చేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. కెనడాలోని ప్రయోగ సరస్సుల ప్రాంతంలో 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక సరస్సును మధ్యలో తెరతో రెండుగా విభజించింది. ఒక భాగంలో కర్బనం, నత్రజని మాత్రమే కలిపారు. రెండవ భాగంలో వాటితోపాటు భాస్వరం కలిపారు. భాస్వరం కలిపిన భాగం నాచుతో పచ్చబడింది, మొదటి భాగం తేటగానే నిలిచింది. నీలి ఆకుపచ్చ నాచులో అనేక జాతులు గాలిలోని నత్రజనిని స్థిరీకరించుకోగలవు. వరిపొలంలో మనం మెచ్చుకునే ఈ గుణమే త్రాగునీటి చెరువులో కీడు చేస్తుంది.

త్రాగునీటి చెరువులో నాచు పెరిగితే వడపోత ఇసుక పూడుకుపోతుంది, నీటికి మట్టివాసన పడుతుంది, క్లోరిన్ మోతాదు పెంచవలసి వస్తుంది. కొన్ని నీలి ఆకుపచ్చ నాచులు మైక్రోసిస్టిన్ అనే కాలేయ విషాన్ని తయారుచేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి సూచించిన పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. నీటిని కాచినంత మాత్రాన ఆ విషం పోదు. నాచును చంపడానికి మైలుతుత్తం చల్లితే కణాలు పగిలి లోపలి విషం ఒక్కసారిగా నీటిలో కలిసే ప్రమాదం ఉంది. కాలువ కట్టిన నెలల్లో మరో నీటి ఆధారం లేని పట్టణానికి ఇది చిన్న సమస్య కాదు.

సరస్సులు నేర్పిన పాఠాలు

తెలుగు నేలపై ఈ కథకు రెండు ముఖాలు హైదరాబాదులో కనిపిస్తాయి. 1562లో నిర్మాణం జరిగిన హుస్సేన్‌సాగర్ ఒకప్పుడు నగరానికి మంచినీటి చెరువు. పరీవాహక ప్రాంతం వస్తీలతో, పరిశ్రమలతో నిండి, కూకట్‌పల్లి వంటి నాలాల మురుగు అందులోకి చేరడంతో అది త్రాగునీటి ఆధారాల జాబితా నుంచి తొలగిపోయింది. నాలాలను మళ్ళించడానికి, శుద్ధి కేంద్రాలు కట్టడానికి, అడుగు బురద తీయడానికి దశాబ్దాలుగా ఎంతో వ్యయమైంది. ఆక్సిజన్ లేని అడుగు బురద పాత భాస్వరాన్ని తిరిగి నీటిలోకి వదులుతూనే ఉంటుంది కనుక, మురుగు ఆగిన తరువాత కూడా సరస్సు వెంటనే కోలుకోదు. ఇందుకు భిన్నంగా 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ చాలాకాలం మంచినీటి జలాశయాలుగా నిలిచాయి. వాటి పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ 1996 మార్చి 8న వెలువడిన 111వ ప్రభుత్వ ఉత్తర్వు ఆ రక్షణకు చట్టబద్ధత కల్పించింది. 2022లో ఆ ఉత్తర్వులోని ఆంక్షలను ఎత్తివేస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది.

ఆంధ్రప్రదేశ్‌లో కొల్లేరు మరో ఉదాహరణ. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల వెంట పట్టణాల మురుగు, పొలాల ఎరువు, చేపల చెరువుల వ్యర్థం అందులోకి చేరుతున్నాయి. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. లోనికి వచ్చే పోషకం ఎక్కువ, బయటికి పోయే మార్గం ఇరుకు కావడంతో గుర్రపుడెక్క విస్తరించింది. 2002 ఆగస్టు 19న కొల్లేరుతోపాటే రామ్‌సార్ చిత్తడినేలల జాబితాకెక్కిన తూర్పు కోల్‌కతా చిత్తడినేలల్లో నగర మురుగు లోతు తక్కువ కుంటల్లో నిలిచి, ఎండకు శుద్ధి పొంది, చేపలకూ కూరగాయలకూ పోషకమవుతున్నది. మురుగు రెండుచోట్లా ఉంది. పోషకాన్ని వాడుకునే ఏర్పాటు ఒకచోట ముందే ఉంది, రెండవచోట లేదు.

అమెరికాలోని సియాటిల్ నగరం పక్కన ఉన్న వాషింగ్టన్ సరస్సు అనుభవం ఇంకా సూటిగా వర్తిస్తుంది. 1950ల్లో ఆ సరస్సులోకి చేరింది పచ్చి మురుగు కాదు, జీవశుద్ధి చేసిన నీరు. అయినా 1955 నాటికి నీలి ఆకుపచ్చ నాచు కనిపించింది. డబ్ల్యు.టి. ఎడ్మండ్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు కారణం భాస్వరమని తేల్చిచెప్పగా, 1963 నుంచి 1968 వరకు దశలవారీగా ఆ నీటిని సరస్సు నుంచి మళ్ళించారు. కొద్ది సంవత్సరాల్లోనే సరస్సు తేటపడింది. లోతైన, పరీవాహక ప్రాంతం శుభ్రంగా ఉన్న సరస్సు కనుక త్వరగా కోలుకుంది. లోతు తక్కువైన మన చెరువులకు అటువంటి అదృష్టం ఉండదు. వాటి విషయంలో ముందుజాగ్రత్తే చికిత్స.

చిలకలూరిపేటకు చేరువలోనే ఉన్న కొండవీటి కొండలపై రెడ్డిరాజుల కోటలోని ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ళ చెరువులు ఈ సూత్రానికి పాత సాక్ష్యాలు. చెరువుకు ఎగువన వాడిన నీరు చేరే వీలు లేకుండా చూడడమే అన్ని శుద్ధి పద్ధతుల్లోకీ చౌకైనది.

అదే పోషకం పొలంలో

మన దేశపు ఆహారపు అలవాట్లను బట్టి ఒక మనిషి మలమూత్రాల్లో ఏడాదికి సుమారు 2.7 కిలోల నత్రజని, 0.4 కిలోల భాస్వరం ఉంటాయని అంచనా. లక్ష మందికి 270 టన్నుల నత్రజని, 40 టన్నుల భాస్వరం. ఎరువుల బస్తాపై ముద్రించే భాస్వరం ఆక్సైడ్ రూపంలోనిది కనుక మూలకాన్ని 2.29తో గుణించాలి. ఆ విధంగా 40 టన్నులు దాదాపు 92 టన్నులకు, అంటే 50 కిలోల డి.ఏ.పి. బస్తాలు సుమారు 4,000కు సమానం. నత్రజని 45 కిలోల యూరియా బస్తాలు సుమారు 13,000కు సమానం. ఇదంతా కాలువకు చేరదు. కొంత సెప్టిక్ ట్యాంకుల్లో నిలుస్తుంది, కొంత నత్రజని అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. అయినా ఫాస్ఫేటు ముడిసరుకు కోసం దాదాపు పూర్తిగా దిగుమతులపై ఆధారపడిన దేశంలో ఇది చిన్న మొత్తం కాదు.

శుద్ధి జలంలో లీటరుకు 40 మిల్లీగ్రాముల నత్రజని, 5 మిల్లీగ్రాముల భాస్వరం ఉన్నాయనుకుంటే, ఎకరాకు 5 సెంటీమీటర్ల తడి అంటే సుమారు 2 లక్షల లీటర్ల నీటితో 8 కిలోల నత్రజని, ఎరువు లెక్కలో 2.3 కిలోల భాస్వరం అందుతాయి. పత్తికి ఐదు తడులు పెడితే 40 కిలోల నత్రజని, 11 కిలోలకు పైగా భాస్వరం. నీటి వసతి కింద హైబ్రిడ్ పత్తికి ఎకరాకు సిఫారసు చేసే 60 కిలోల నత్రజనిలో మూడింట రెండు వంతులు, 24 కిలోల భాస్వరంలో దాదాపు సగం నీటితోనే వస్తున్నాయన్న మాట. రోజుకు 1 కోటి 8 లక్షల లీటర్లతో 50 ఎకరాలకు పైగా తడి పెట్టవచ్చు. 20 రోజులకొక తడి లెక్కన సుమారు 1,000 ఎకరాల ఆయకట్టుకు ఆధారం.

ఏ పైరుకు, ఏ నేలకు

లెక్క అనుకూలంగా ఉన్నంత మాత్రాన ప్రతి పైరుకూ ఈ నీరు తగదు. పల్నాటి వాణిజ్య పంటల్లో మిరప ముఖ్యమైనది. కాయను కల్లంలో ఆరబెట్టి నేరుగా వంటకు, ఎగుమతికి పంపుతారు. క్రిముల శేషం ఏ మాత్రం కనిపించినా సరుకు తిరస్కరణకు గురవుతుంది. కనుక మిరపకు, పచ్చిగా తినే కూరగాయలకు, ఆకుకూరలకు ఈ నీటిని వాడరాదు. పత్తి, పశుగ్రాసం, సరుగుడు, సుబాబుల్, నర్సరీ మొక్కలు తగినవి. మూసీ నది వెంట హైదరాబాదు దిగువన పారాగడ్డి పెంచి పాడి రైతులకు అమ్ముకోవడం చాలాకాలంగా ఉన్న జీవనోపాధి. అయితే అక్కడి రైతుకు నీటి నాణ్యతపై హామీ లేదు. ఆ హామీ ఇవ్వడమే శుద్ధి కేంద్రం బాధ్యత.

నీటిపారుదలకు వాడే నీటిలో లీటరుకు ఒకటికి మించి ఏలికపాము వంటి పేగు పురుగుల గుడ్లు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. శుద్ధి జలాన్ని వరుస కుంటల్లో రెండు, మూడు వారాలు నిలిపితే ఈ గుడ్లు చాలావరకు అడుగుకు దిగుతాయి. ఎండకు బాక్టీరియా తగ్గుతుంది. రక్షణ అంతటినీ ఒకే దశపై మోపక, శుద్ధి, నిల్వ, బిందు సేద్యం, చివరి తడికీ కోతకూ మధ్య విరామం, పొలంలో పనిచేసేవారికి బూట్లు, చేతి తొడుగులు అన్న అంచెలుగా విభజించాలని 2006 నాటి ఆ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

నల్లరేగడి భూములకు మరొక జాగ్రత్త అవసరం. ఉబ్బే స్వభావం గల బంకమన్ను అధికంగా ఉన్న ఈ నేలల్లో నీరు నెమ్మదిగా ఇంకుతుంది. సబ్బులు, డిటర్జెంట్ల వల్ల మురుగునీటిలో సోడియం పెరుగుతుంది. అది బంక కణాలను విడదీసి నేల రంధ్రాలను మూసివేస్తుంది. విద్యుత్ వాహకత, సోడియం అధిశోషణ నిష్పత్తి, మిగులు కార్బొనేట్లు అనే మూడు పరీక్షలు ప్రతి సీజనుకు ముందు జరగాలి. సోడియం ఎక్కువైతే జిప్సం వేయడం, కాలువ నీటితో మార్చి మార్చి తడి పెట్టడం మార్గాలు. సున్నపు పాలు ఎక్కువగా ఉన్న భూముల్లో భాస్వరం త్వరగా బిగుసుకుపోతుంది. చిన్న మోతాదుల్లో తడితడికీ అందే భాస్వరం అటువంటి నేలల్లో ఒక్కసారిగా వేసే మోతాదు కంటే పైరుకు అనుకూలం.

మితిమీరిన నత్రజని పత్తికి హాని. కొమ్మ విపరీతంగా పెరిగి, పూత, పిందె రాలి, రసం పీల్చే పురుగుల ఉధృతి పెరిగి, పంట ఆలస్యమవుతుంది. నీటిలో వచ్చిన పోషకాన్ని లెక్కించి పై ఎరువును ఆ మేరకు తగ్గించని రైతు రెండు విధాలా నష్టపోతాడు. మిగిలిన నత్రజని నైట్రేటుగా బావుల్లోకి దిగుతుంది. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదన్నది భారత ప్రమాణం.

పట్టణ పరిసరాల్లో నూలు మిల్లులు ఉన్నాయి. నూలు వడకడంలో రసాయన వ్యర్థజలం తక్కువ. అద్దకం, చలువ చేయడం వంటి పనులు ఎక్కడ మొదలైనా వాటి వ్యర్థాన్ని గృహ మురుగులో కలవనీయరాదు. భార లోహాలు ఒకసారి నేలలో చేరితే తీయడం దాదాపు అసాధ్యం.

వానాకాలపు చిక్కు

ఈ ఆలోచనలో అసలు క్లిష్టత వానాకాలంలో ఉంది. పట్టణపు మురుగు ఏడాది పొడవునా ఒకే తీరున వస్తుంది, పైరుకు తడి అవసరం అలా ఉండదు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు మంచి వానలుంటే పత్తికి మురుగునీరు అక్కరలేదు. అప్పుడు ఆ నీరు వాగులోకే పోవాలి. వాగు నిండుగా పారే రోజుల్లో పలుచన ఎక్కువ కావడం కొంత ఊరట. అయినా నీరు తగ్గిన వెంటనే పల్లపు చెరువుల్లో భాస్వరం నిలిచిపోతుంది. ఇందుకు మూడు పరిష్కారాలు కలిపి వాడవలసి ఉంటుంది. మొదటిది, పొలానికి నీరు పోని నెలల్లో మాత్రమే పటిక లేదా ఫెర్రిక్ క్లోరైడు కలిపి భాస్వరాన్ని బురదగా దించడం. బిందెలో నీటిని పటికతో తేర్చిన ఇల్లాలు పాటించిన రసాయన సూత్రమే ఇది. అల్యూమినియం ఫాస్ఫేటును పట్టుకుని అడుగుకు దింపుతుంది. ఏడాదంతా కాక కొన్ని నెలలే వాడడం వల్ల ఖర్చు తగ్గుతుంది. రెండవది, రెల్లు, జమ్ము పెంచిన చిత్తడి మళ్ళ గుండా నీటిని పారించి, పెరిగిన గడ్డిని కోసి బయటికి తరలించడం. కోయకుండా వదిలేస్తే అది కుళ్ళి భాస్వరాన్ని తిరిగి నీటికే ఇస్తుంది. మూడవది, ఏడాది పొడవునా నీరు, నత్రజని కోరే పశుగ్రాసానికి ఆయకట్టులో కొంత భాగం కేటాయించడం.

చేయవలసిన పనులు

1. త్రాగునీటి నిల్వ చెరువుల చుట్టూ మురుగు, సెప్టిక్ ట్యాంకు వ్యర్థం, పశువుల కడుగునీరు చేరని రక్షణ వలయం ఉండాలి. నీటిలో మొత్తం భాస్వరాన్ని, నాచు సాంద్రతను వేసవిలో నెలకొకసారి పరీక్షించాలి.

2. శుద్ధి కేంద్రం పనితీరును బి.ఓ.డి.తో మాత్రమే కొలవక, బయటికి పోయే మొత్తం భాస్వరాన్ని కిలోల్లో లెక్కించి నమోదు చేయాలి.

3. సెప్టిక్ ట్యాంకుల మలబురదను లారీల్లో తెచ్చి వాగు గట్టున వదలకుండా శుద్ధి కేంద్రానికే చేర్చాలి. ఆరబెట్టి, కంపోస్టు చేసి, లోహాల పరీక్ష జరిగిన బురదనే పొలానికి పంపాలి.

4. నీరు తీసుకునే రైతులకు ప్రతి సీజనులో నీటి విశ్లేషణ పత్రం తెలుగులో అందాలి. అందులో ఎకరా తడికి ఎన్ని కిలోల నత్రజని, భాస్వరం వస్తున్నాయో, ఎన్ని బస్తాల ఎరువు తగ్గించవచ్చో రాసి ఉండాలి.

5. మిరప, కూరగాయల పొలాలకు ఈ నీరు పోకుండా కాలువలను వేరుగా నిర్మించాలి.

6. భూసార పరీక్షను రెండేళ్ళకొకసారి జరిపి సోడియం, లభ్య భాస్వరం మార్పులను గమనించాలి.

లక్షకు పైగా జనాభా గల పట్టణాల కోసం 2015లో మొదలైన అమృత్ పథకం జాబితాలో చిలకలూరిపేట కూడా ఉంది. నిర్మాణానికి నిధులు ఒక మార్గంలో రావచ్చు. నిర్వహణకు మాత్రం నీటిని కోరుకునే వినియోగదారుడు కావాలి. విద్యుత్తు బిల్లు భారమై, పట్టించుకునేవారు లేక శుద్ధి కేంద్రం ఆగిపోయినా పట్టణంలో వెంటనే ఎవరికీ తెలియదు. పైరుకు నీరు అందవలసిన రైతుకు అదే రోజు తెలుస్తుంది. నాణ్యమైన నీటిపై హక్కు గల ఆయకట్టు రైతులు ఉంటే శుద్ధి కేంద్రానికి వారే మెలకువ గల కావలివారవుతారు. ఆ భాస్వరాన్ని పత్తి చేలకూ పశుగ్రాసపు మళ్ళకూ చేర్చే ఏర్పాటు జరిగినప్పుడు, ఓగేరుకు దిగువన ఉన్న గ్రామాల చెరువులకు మొదటి రక్షణ లభించినట్లే.